నెలసరి లెక్క

నెలసరి లెక్క రక్తస్రావం కనబడిన రోజుతో మొదలవుతుంది. అది ఒకటో రోజు. మళ్లీ స్రావం కనబడే ముందు రోజుతో ఆ చక్రం ముగుస్తుంది. పెద్దవాళ్లలో చక్రం 24 నుంచి 38 రోజుల దాకా ఉండవచ్చు. స్రావం 8 రోజులకు మించకూడదు. ఇవన్నీ తేదీలు తెలిస్తేనే తేలే విషయాలు. ఓపీలో 'ఆఖరిసారి డేట్ ఎప్పుడొచ్చింది?' అని అడిగితే 'సంక్రాంతి ముందనుకుంటా' అనో, 'మా చెల్లి పెళ్లప్పుడు' అనో జవాబు వస్తుంది. రక్తపరీక్షల కాగితాలు ఫైలు నిండా ఉంటాయి, ఆ ఒక్క తేదీ తప్ప.

లెక్క పెట్టడంలో రెండు పొరపాట్లు తరచుగా కనిపిస్తాయి. మార్చి 2న ఒకసారి, 30న ఇంకోసారి నెలసరి వచ్చిన మహిళ 'ఒకే నెలలో రెండుసార్లు అయింది' అని కంగారుగా వస్తుంది. మధ్యలో గడిచినవి 28 రోజులు. ఇంతకంటే సక్రమమైన నెలసరి ఉండదు. అదే మహిళ ఐదో రోజు తలస్నానం చేసి, అక్కడి నుంచి లెక్క పెట్టుకుంటే 24 రోజులకే వచ్చినట్టు తోస్తుంది. ఇలాంటి చోట మందు అక్కర్లేదు, లెక్క సరిచేస్తే చాలు.

చక్రం మొదటి సగంలో పీయూష గ్రంథి నుంచి వచ్చే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ ప్రభావంతో అండం పెరుగుతుంది. మరో హార్మోన్ ఎల్‌హెచ్ ఒక్కసారిగా పెరగడంతో అది విడుదలవుతుంది. ఆ తర్వాత ప్రొజెస్టరాన్ తయారై, తెల్లవారుజామున ఒంటి వేడిని సుమారు 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెంచుతుంది. గర్భం నిలవకపోతే ప్రొజెస్టరాన్ పడిపోయి స్రావం మొదలవుతుంది. అండం విడుదలను రాబోయే నెలసరి నుంచి వెనక్కి లెక్కించాలని 1920లలో జపాన్‌లో క్యూసాకు ఓగినో, ఆస్ట్రియాలో హెర్మన్ క్నాస్ విడివిడిగా గుర్తించారు. ఈ రెండో సగం చాలామందిలో రెండు వారాలకు అటూఇటూగా ఉంటుంది. చక్రం పొడవు మారితే మారేది ఎక్కువగా మొదటి సగమే.

పిల్లల కోసం వైద్యం చేయించుకునేవారి విషయంలో ఈ వివరం చాలా కీలకం. 35 రోజులకోసారి నెలసరి వచ్చే యువతికి అలవాటు ప్రకారం 21వ రోజున ప్రొజెస్టరాన్ పరీక్ష చేస్తే తక్కువే వస్తుంది. అండం విడుదల కావట్లేదన్న ముద్ర పడి, మాత్రలు మొదలవుతాయి. ఆమెకు అండం విడుదలయ్యేదే 21వ రోజు ప్రాంతంలో. అదే పరీక్ష 28వ రోజున చేస్తే ఫలితం వేరుగా ఉంటుంది. గర్భిణుల్లోనూ ఇదే తిరకాసు. ప్రసవం తేదీని ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులకు లెక్కిస్తారు. ఈ లెక్క 28 రోజుల చక్రానికి సరిపోయేది. 35 రోజుల చక్రం ఉన్న గర్భిణికి తొలి స్కానింగ్‌లో బిడ్డ వారం చిన్నగా కనిపిస్తే, ఎదుగుదల లేదని ఇంటిల్లిపాదీ బెంగపడతారు. పాత తేదీలు రాసి ఉంటే ఆ బెంగ అక్కడే తీరుతుంది.

రజస్వల అయిన తొలి ఏళ్లలో చక్రం 45 రోజుల దాకా సాగినా సహజమే. 90 రోజులు దాటినా రాకపోతే మాత్రం, అది ఒక్కసారే అయినా, వైద్యులకు చూపించాలి. హాస్టల్‌లో ఇంటర్ చదివే అమ్మాయికి నెలసరి తప్పితే పీసీఓడీ (అండాశయాల సమస్య) అని స్కానింగ్‌తోనే తేల్చేయడం సరికాదు. రజస్వల అయిన 8 ఏళ్లలోపు అండాశయాల స్కానింగ్‌ను నిర్ధారణకు వాడకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్ల తేడా, తిండి మానేయడం, పరీక్షల ఒత్తిడి, ఏదైనా కారణం కావచ్చు. ఆరు నెలల తేదీలు ముందుంటే దారి త్వరగా దొరుకుతుంది.

నలభై దాటాక వరుస చక్రాల మధ్య తేడా తరచూ 7 రోజులు, అంతకు మించి ఉంటే నెలసరి ఆగే దశ మొదలైనట్టు. చాలామంది ఈ వయసులో స్రావం ఎక్కువైనా 'ఆగిపోయే ముందు అంతేలే' అని ఊరుకుంటారు. రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చారో, గడ్డలు పడ్డాయో లేదో రాసుకుంటే స్రావం ఎంతో తెలుస్తుంది, రక్తహీనతకు కారణమూ బయటపడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది.

మొబైల్ యాప్ పాత తేదీల సగటు చూసి ముందు తేదీని ఊహిస్తుంది, అండం విడుదలైందో లేదో దానికి తెలియదు. గర్భం వద్దనుకునేవారు దాన్ని నమ్ముకోకూడదు. పెళ్లికో వ్రతానికో నెలసరి వాయిదా మాత్రలు వేసుకుంటే ఆ సంగతీ రాయాలి. మాత్రలు ఆపిన రెండు మూడు రోజులకు వచ్చే స్రావాన్ని చూసి సహజ చక్రాన్ని అంచనా వేయలేం. నెలసరికి ముందు చిరాకు, దిగులు, రొమ్ముల నొప్పి ఉన్నవారు కనీసం రెండు చక్రాల పాటు ఏ రోజు ఎలా ఉందో రాస్తేనే అవి నెలసరికి సంబంధించినవా, కాదా అన్నది తేలుతుంది.

దీనికి యాప్ తప్పనిసరి కాదు. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునే గోడ క్యాలెండర్ చాలు. మొదటి రోజుకు ఒక చుక్క, ఆఖరి రోజుకు ఒక గీత, వాడిన మాత్రల పేరు. ఏడాది మారినప్పుడు ఆ క్యాలెండర్‌ను పారేయకండి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కలయిక తర్వాత రక్తం కనిపించినా, నెలసరి ఆగిన ఏడాది తర్వాత మళ్లీ స్రావమైనా లెక్కలు చూస్తూ కూర్చోకుండా వెంటనే వైద్యుల దగ్గరికి వెళ్లాలి.