అన్నీ ఒకే కంపెనీవి కావాలా?

మిక్సీ, గ్రైండరు, వాటర్ ప్యూరిఫయరు ఒకే కంపెనీవైతే వంటిల్లు చూడ్డానికి బాగుంటుంది, నిజమే. కానీ సాఫ్ట్‌వేర్ల లాగా అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు కదా! అన్నింటికీ కావాల్సింది 230 వోల్టుల కరెంటే. మిక్సీ జార్లు మాత్రం దాని కంపెనీవే ఉండాలి.

“కంపెనీ ఏదైతే ఏమి నాయనా, చెడిపోతే ఊర్లో బాగుచేసేవాళ్లు ఉండారా?” అంది అమ్మ. అందుకే గ్రైండరు కోయంబత్తూరుది, మిక్సీ చెన్నైది తీసుకున్నాం.

ఎక్కువ ఆలోచించింది ప్యూరిఫయరు గురించే. మా అనంతపురంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే. మా బోరు నీళ్లకు గిన్నెలు తెల్లగా పొర కడతాయి, ఆర్వో తప్పదు. అదేమో మంచినీళ్లతో పాటు ఉప్పునీళ్లు బయటికి వదిలేస్తుంది. షాపులో రంగు అడగలేదు, లీటరుకు ఎన్ని నీళ్లు పారబోస్తుందని అడిగాను. తక్కువ వదిలేదే కొన్నాం. ఆ వదిలే నీళ్లూ అమ్మ బకెట్లో పడుతుంది, బండలు తుడవడానికి.