నాన్నగారి లారీ

మా నాన్నగారు ముప్పది సంవత్సరములు లారీ నడిపిరి. నెలలో ఇరువది దినములు దారిమీదనే గడచెడివి. బెజవాడలో మా వీథి మొగను హారను మ్రోగినచో మా అమ్మ ఎంత గాఢనిద్రలోనున్నను లేచి, "మీ నాన్న వచ్చార్రా, పొయ్యిమీద నీళ్లు పెట్టండి" అనెడిది. మరి యే లారీ హారనుకును ఆమె లేచి యెరుగదు.

ఆయన చదువు మూడవ తరగతితో ఆగినది. దారిలో క్లీనరుచే మాకు కార్డు వ్రాయించెడివారు. ఆ కార్డు తరచుగా ఆయన ఇల్లు చేరిన రెండు దినములకు వచ్చెడిది. గుంటూరు మిర్చి బస్తాలతో విశాఖపట్నము, ఇచ్ఛాపురము దాటి కలకత్తాకు పోవు దారి ఆయనకు కంఠపాఠము. ఆనాడందు చాలభాగము 5వ నంబరు జాతీయ రహదారి; 2010లో నంబర్లు మార్చగా 16వదైనది.

బయలుదేరుటకు ముందు ఆయన ఒక ఇనుపకడ్డీతో టైర్లను ఒక్కొక్కటిగా కొట్టి చెవి యొగ్గి వినెడివారు. గాలి తగ్గిన టైరు మెత్తగా పలుకునట. నేనును కొట్టి చూచెడివాడను. నాకన్నియు ఒక్కతీరుగనే వినిపించెడివి. పిమ్మట బస్తాలపై పట్టా కప్పి, మోకు బిగించి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి బండి యెక్కెడివారు. ఏండ్ల తరబడి ఇంజను వేడి తగిలి ఆయన ఎడమకాలి పిక్క నల్లబడి యుండెడిది.

నిద్ర వచ్చినచో ఆయన బండి ఆపివేసెడివారు. ఒకసారి సరకు ఆరు గంటలు ఆలస్యముగ చేరినందుకు యజమాని బత్తాలో కోత పెట్టెను. ఆ నెల నా పుస్తకములు కొనుట ఆగిపోయినది. నాకప్పుడు పండ్రెండేండ్లు. "మేలుకొని నడపలేకపోయారా?" అని కోపముతో అడిగితిని. ఆయన కొంతసేపు మాటాడలేదు.

"తుని దాటాక ఒక రాత్రి కళ్లు మూతపడ్డాయి. తెరిచేసరికి బండి రోడ్డు దిగి, తాటిచెట్టుకు మూరెడు దూరంలో ఉంది. అప్పుడు నీకు మూడు నెలలు" అనిరి.

మోటారు రవాణా కార్మికులచే దినమునకు 8 గంటలు, దూరపు దారులలోనైనచో 10 గంటలు మించి పని చేయింపరాదని 1961లో చట్టమైనదని నేను పెద్దవాడనైన పిమ్మట చదివితిని. ఐదుగురైనను పనివారు లేనిచోట ఆ చట్టము వర్తించెడిది కాదు. మా నాన్నగారి యజమానికి ఉన్నవి రెండు లారీలు, ఇద్దరు డ్రైవర్లు, ఇద్దరు క్లీనర్లు.

1977 నవంబరు 19న వచ్చిన తుపానులో దివిసీమపై సముద్రము విరుచుకుపడి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. నాన్నగారు బియ్యపు బస్తాలతో అవనిగడ్డ వైపు పలుమార్లు పోయివచ్చిరి. బత్తా పుచ్చుకొనలేదు. ఇంటికి వచ్చిన రాత్రి స్నానము చేసి, కంచము ముందు కూర్చుండి, అన్నము ముట్టక లేచిరి. ఏమైనదని అమ్మ యెన్నిసార్లడిగినను పలుకలేదు. తెల్లవారిన పిమ్మట చెప్పిరి. బియ్యము దించుచుండగా ఒక పిల్లవాడు వచ్చి లారీ మెట్టుపై కూర్చుండెనట. ఆకలియా అన్న కాదనెనట. నీవాళ్లెక్కడ అన్న బదులు లేదట. చివరకు, "ఒక్కసారి హారను కొట్టనిస్తావా?" అని అడిగెనట.

"కొట్టనిచ్చాను" అని నాన్నగారు లేచి బయటికి పోయిరి.

ఆయన పోయి చాలకాలమైనది. ఆ ఇనుపకడ్డీ మాత్రము మా యింట నున్నది. మొన్న నా మనుమడు దానితో మా కారు టైర్లు నాలుగింటిని కొట్టి, "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి తాతయ్యా!" అనెను.