నంబర్ వన్ ఎవడు?

మా అబ్బోడు గ్రీన్ బేలో ఉంటాడని చెబితే హోసూరులో చాలామంది "అది ఏ దేశం?" అని అడుగుతారు. అమెరికాలోనే, విస్కాన్సిన్ రాష్ట్రంలో. జనాభా లక్షా చిల్లర. కాగితం మిల్లులకు పేరుపడ్డ ఊరు. మావాడు కాగితం యంత్రాలు చేసే ఒక కంపెనీలో ఇంజనీరు. 2025 జూలైలో నెలరోజులు సెలవు పెట్టి నేనూ మా ఆవిడా వెళ్ళాం. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్కసారిగా అంత సెలవు పెట్టడం నాకదే మొదలు. మా చీఫ్ మేనేజరు సంతకం పెడుతూ "నయాగరా చూసి రండి" అన్నాడు. నయాగరా చూడలేదు. నేను చూసింది పక్కింటివాళ్ళ కారు షెడ్డు.

ఆ షెడ్డు ఒక పెద్దాయనది. కాగితం మిల్లులో పనిచేసి రిటైరయిన మనిషి. సాయంత్రమైతే కారు బయటపెట్టి, షెడ్డు తలుపు పైకెత్తి, నాలుగు మడత కుర్చీలు వేస్తాడు. బడిపంతులుగా పనిచేసే ఆయన కూతురు, ఆ వీధికి ఉత్తరాలు తెచ్చే పోస్టుమ్యాను, మావాడు వచ్చి కూర్చుంటారు. నేను వెళ్ళాక అయిదో కుర్చీ వేశారు. ఆ నెల్లాళ్ళూ అక్కడ నడిచిన సంగతి ఒక్కటే: వచ్చే సీజనులో ప్యాకర్స్ జట్టుకు నంబర్ వన్ వైడ్ రిసీవర్ ఎవడు?

ఆట గురించి రెండు ముక్కల్లో చెబుతాను, నాకు తెలిసిందీ అంతే. పేరు ఫుట్‌బాలే గాని కాలితో తన్నేది తక్కువ. రెండు కొసలూ సన్నగా ఉండే కోలబంతి. జట్టుకు 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి, జరిగితే మళ్ళీ నాలుగు దొరుకుతాయి. మధ్యలో నిలబడి బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. మైదానం అంచున విడిగా నిలబడి, ముందే అనుకున్న దారిన పరుగెత్తి, ఆ బంతి అందుకోవలసినవాడు వైడ్ రిసీవర్. వాడి వెంట అవతలి జట్టు కాపలా ఉంటుంది. వాడు మరీ గట్టివాడైతే ఇద్దరు కాపలా కాస్తారు, అప్పుడు ఇంకొకడు ఖాళీగా దొరుకుతాడు. కాబట్టి ఒక్కడైనా అందరూ భయపడేవాడు ఉండాలని పెద్దాయన వాదం.

ఈ జట్టు సంగతిలో నా బ్యాంకు బుర్రకు ఎక్కినదొకటి ముందుగా చెప్పాలి. 1919లో మాంసం డబ్బాలకెత్తే ఒక కంపెనీ ఇచ్చిన డబ్బుతో మొదలైన జట్టు కనుక ప్యాకర్స్ అని పేరు. అమెరికాలో తక్కిన జట్లన్నీ కోటీశ్వరుల సొత్తు, ఇదొక్కటే జనానిది. 5 లక్షలకు పైగా వాటాదార్లున్నారు. 1923 మొదలు అవసరం పడినప్పుడల్లా వాటాలు అమ్మి డబ్బు కూడబెట్టుకున్నారు. 2011లో వాటా 250 డాలర్లు, 2021లో 300. ఆ వాటాకు డివిడెండు లేదు. బజారులో అమ్ముకోవడానికి లేదు, ఇంట్లోవాళ్ళకు ఇవ్వవచ్చునంతే. రేపు జట్టు మూతపడినా మిగిలేది ధర్మకార్యాలకే పోతుంది. పెద్దాయన తండ్రి 1950లో కొన్న వాటా పత్రం ఆ షెడ్డు గోడమీద అద్దం కట్టి ఉంది. ఏ బ్యాంకులోనూ దానిమీద ఒక్క రూపాయి అప్పు పుట్టదని చెప్పాను. ఆయన సంతోషంగా తలూపాడు. మన పత్రికకు జీవితచందా కట్టినవాళ్ళకు ఈ లెక్క నేను విడమరచి చెప్పనక్కరలేదు.

జూలై 25న ల్యాంబో ఫీల్డ్ అనే వాళ్ళ స్టేడియంలో వార్షిక సమావేశానికి ఆయన నన్ను వెంటబెట్టుకుపోయాడు. ఆదాయం సుమారు 72 కోట్ల డాలర్లు అని లెక్క చెప్పారు. నా చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఒక్కరూ డివిడెండు మాట ఎత్తలేదు. ఇంటికి వస్తూ కారులో కూడా పెద్దాయన మాట్లాడింది రిసీవర్ల గురించే.

ఆయన లెక్క 2021తో మొదలవుతుంది. దావాంటె ఆడమ్స్ అనేవాడు ఆ ఏడు 123 బంతులు పట్టి 1,553 గజాలు తెచ్చాడు. రెండూ ఆ జట్టు చరిత్రలో రికార్డులే. మరుసటి మార్చిలో అతన్ని లాస్ వేగాస్ జట్టుకు ఇచ్చేశారు. "ఆనాటినుంచి ఆ కుర్చీ ఖాళీ" అంటాడు పెద్దాయన. ఆ కుర్చీకి 2024లో నలుగురు అభ్యర్థులు. జేడెన్ రీడ్ 857 గజాలు, క్రిస్టియన్ వాట్సన్ 620, రోమియో డాబ్స్ 601, డాంటేవియన్ విక్స్ 415. ఒక్కడూ వెయ్యి దాటలేదు. లెడ్జరు అలవాటు కొద్దీ కూడి చూశాను, 2,493. 2025 జనవరిలో ఫిలడెల్ఫియాలో 22-10 తేడాతో ఓడి ఇంటికి వచ్చారు. ఆ తర్వాత జట్టులోని జోష్ జేకబ్స్ అనే ఆటగాడే మాకు ఒక నిఖార్సయిన నంబర్ వన్ కావాలని బయటికి అన్నాడట. ఇంట్లోవాడే అలా అంటే ఊరివాళ్ళు ఊరుకుంటారా? ఏప్రిల్లో కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టు ఆ ఏడాది గ్రీన్ బేలోనే జరిగింది. మొదటి విడతలోనే, 23వ స్థానంలో, మాథ్యూ గోల్డెన్ అనే రిసీవరును తీసుకున్నారు. మొదటి విడతలో వాళ్ళు రిసీవరును తీసుకోవడం 2002 తర్వాత అదే. వీధుల్లో జనం ఎగిరి గంతులేశారని పంతులమ్మ చెప్పింది. ఆ పిల్లవాడు ఇంకా ఒక్క ఆటా ఆడలేదు సుమా.

పంతులమ్మ రీడ్ పక్షం. లెక్క ప్రకారం ఎక్కువ తెచ్చినవాడు అతనే గదా, ఇంకేం కావాలని. పోస్టుమ్యాను వాట్సన్ పక్షం. వాట్సన్ కథ నాకు భలే నచ్చింది. 2022లో 34వ వాడిగా వచ్చాడు. సెప్టెంబరులో మొట్టమొదటి ఆట, జట్టుకు మొట్టమొదటి ఎత్తు. మహా క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ దూరాన్నుంచి విసిరిన బంతి సరిగ్గా చేతుల్లో పడింది. ముందర ఒక్కడూ లేడు, పట్టుకుని పరుగెత్తితే చాలు. జారవిడిచాడు. దేశమంతా టీవీలో చూసింది. రెండు నెలల తర్వాత, నవంబరులో, డాలస్ మీద ఒకే ఆటలో మూడు టచ్‌డౌన్లు చేశాడు. ఆ తర్వాత తొడ కండరం పట్టుకోవడం, మానడం, మళ్ళీ పట్టుకోవడం. చివరికి 2025 జనవరిలో మోకాలి లిగమెంటు తెగింది. నేను వెళ్ళినప్పుడు అతను ఇంకా కోలుకుంటూనే ఉన్నాడు. "అతను తిరిగి వచ్చిన రోజు చూడండి" అని పోస్టుమ్యాను ప్రతి సాయంత్రమూ అనేవాడు, లాటరీ టిక్కెట్టు జేబులో పెట్టుకున్నవాడిలాగా.

మావాడు డాబ్స్ పక్షం.

డాబ్స్ కూడా వాట్సన్ వచ్చిన ఏడే వచ్చాడు, కాకుంటే 132వ వాడిగా. మహా వేగమేమీ లేదు, చూపరులు నోరు తెరిచే ఆటా కాదు. ఉండవలసిన చోట ఉంటాడు. ప్రయత్నం ఆఖరుదై, ఇంకా నాలుగైదు గజాలు కావలసి వచ్చినప్పుడు అతన్ని వెతుక్కుంటూ బంతి వస్తుందని మావాడి వాదం. ఒక సాయంత్రం ఇది నడుస్తుండగా పెద్దాయన చేయి విసిరి అన్నాడు: "డాబ్స్ మంచివాడే. కానీ వాడు రెండోవాడు. ఎన్నేళ్ళు ఆడినా రెండోవాడే."

"రెండోవాడని ఎవరు రాసిపెట్టారు?" అన్నాడు మావాడు. ఆ గొంతు నేను ఇంతకుముందు వినలేదు. మావాడు మెత్తటివాడు. చిన్నప్పుడు అంగట్లో చిల్లర తక్కువిచ్చినా అడగకుండా వచ్చేసేవాడు. షెడ్డులో ఒక్క క్షణం అందరూ మాట ఆపేశారు. పంతులమ్మ చిప్స్ పొట్లం నా చేతికిచ్చింది.

నాకు ఎప్పటిదో ఒక పెళ్ళిభోజనం గుర్తుకొచ్చింది. మా అన్న కొడుకు, మావాడు ఒకే ఏడు ప్లస్ టూ రాశారు. వాడికి పెద్ద కాలేజీలో సీటు వచ్చింది, మావాడికి మామూలు కాలేజీలో. పంక్తిలో ఎవరో అడిగితే, బట్టల వ్యాపారులకు అప్పులిచ్చే నా నోట వాళ్ళ మాటే వచ్చింది. "మా అన్నకు పుట్టినోడు ఫస్టు క్వాలిటీ, మాది సెకండ్స్ సరుకు" అన్నాను. అందరూ నవ్వారు. అదే పంక్తిలో మజ్జిగ పోస్తూ మావాడూ నవ్వాడు.

బ్యాంకులో పదిహేనేళ్ళుగా కిందివాళ్ళ మీద రహస్య నివేదికలు రాస్తున్నాను. నలుగురిలో ఒక గుమాస్తాను అంత మాట అంటే సాయంత్రానికల్లా యూనియన్ వాళ్ళు నా గదిలో ఉంటారు. కన్నకొడుక్కి యూనియన్ లేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక మావాడు గిన్నెలు కడుగుతుంటే నేను తుడిచే గుడ్డ అందుకున్నాను. ఏదో ఒకటి మాట్లాడాలని, నాకూ ఈ ఆట తెలిసిందని చూపించుకోవాలని, "మీ డాబ్స్ 2024 అక్టోబరులో ప్రాక్టీసు ఎగ్గొట్టినాడంట గదా? ఒక ఆటకు సస్పెండ్ చేసినారంట?" అన్నాను.

"ఔను నాయనా. తనకు ఇంకా బంతులు వేయాలని అలిగినాడు. తప్పే." కొళాయి కట్టేశాడు. "అయినా అడిగినాడు గదా. నేను అడగలేదు."

"ఏమి అడగలేదు?"

"సెకండ్స్ అంటే ఏందని."

గుర్తులేదు అనబోయాను. రెండు గంటల ముందే గుర్తొచ్చింది, అబద్ధమెట్లా ఆడేది? "అది నా తప్పేరా" అన్నాను. ముప్పై ఏళ్ళలో వందల క్షమాపణ ఉత్తరాలు రాసినవాణ్ణి, ఖాతాదార్లకు. ఆ మూడు ముక్కలకు మించి ఏమీ తోచలేదు. మావాడు "సరేలే నాయనా" అని ఒక పళ్ళెం నా చేతికిచ్చి, అది ఏ అరలో పెట్టాలో చూపించాడు.

ఆ తర్వాతి వారం ప్రాక్టీసు చూడటానికి తీసుకుపోయాడు. అదొక ముచ్చట. స్టేడియం నుంచి రోడ్డు దాటితే ప్రాక్టీసు మైదానం. ఆటగాళ్ళు అక్కడికి ఊరి పిల్లల సైకిళ్ళెక్కి పోతారు. ఆరడుగుల పైచిలుకు మనిషి, మోకాళ్ళు గడ్డానికి తగిలేంత చిన్న సైకిలు తొక్కుతుంటే, ఆ సైకిలు సొంతదారుడు, ఎనిమిదేళ్ళవాడు, ఆయనగారి హెల్మెట్టు రెండు చేతులా మోసుకుని పక్కనే పరుగెత్తుతాడు. ఎన్నో దశాబ్దాల ఆచారమట. పిల్లలు మాత్రం ఎవరు నంబర్ వన్ అని చూడటం లేదు. ఎవరు తమ సైకిలు అడుగుతారా అని చూస్తున్నారు. ప్రాక్టీసయ్యాక కొందరు ఒక యంత్రం ముందు నిలబడి, అది విసిరే బంతుల్ని వరసగా పట్టారు. పట్టడం, పక్కన పడేయడం, మళ్ళీ పట్టడం. మేమిద్దరం కంచె పట్టుకుని చివరిదాకా చూశాం. మావాడు ఒక్కొక్కరి పేరూ చెబుతుంటే నేను తలూపుతూ ఉన్నాను.

వచ్చేముందు రోజు షెడ్డులో పెద్దాయన నన్ను నిలదీశాడు. "నెలరోజులు విన్నారు. బ్యాంకు మనిషి తీర్పేమిటి?"

నేను నా వృత్తినే నమ్ముకున్నాను. ఒకే ఖాతాదారుకు శాఖ డబ్బంతా అప్పిస్తే, ఆయన తుమ్మినప్పుడల్లా శాఖకు జలుబు చేస్తుంది, అందుకే ఒక్కొక్కరికి ఇంతకు మించి ఇవ్వరాదని మాకు హద్దు ఉంటుంది అన్నాను. 2,493 గజాల్లో అందరికంటే పెద్ద ఖాతా 857, అంటే 34 శాతం. నలుగురిలో ఒకడి మోకాలు పోయినా పుస్తకం నిలబడుతుంది అన్నాను. మావాడు నవ్వాడు. పెద్దాయన ఆలోచించి, "బాగుంది. మరి మీ శాఖకు మేనేజర్లు ఎంతమంది?" అన్నాడు. ఒక్కడే. అందరూ పకపకా నవ్వారు. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

అక్టోబరు 27, సోమవారం. స్నానం చేసి బ్యాంకుకు బయల్దేరుతుంటే ఫోను మోగింది. అక్కడ ఇంకా ఆదివారం రాత్రి. వాట్సన్ తిరిగి ఆడాడట, పిట్స్‌బర్గ్ మీద. నాలుగు బంతులు, 85 గజాలు. జట్టు 35-25తో గెలిచింది. అవతలి జట్టుకు క్వార్టర్‌బ్యాక్ ఎవరనుకున్నారు? ఆ రాడ్జర్సే, 2022లో వాట్సన్ జారవిడిచిన ఆ మొదటి బంతి విసిరినవాడు. పోస్టుమ్యాను షెడ్డులో డ్యాన్సు చేశాడని, పెద్దాయన మాత్రం "ఒక్క ఆటకేనా?" అన్నాడని మావాడు చెప్పుకుంటూ పోయాడు. మా ఆవిడ టిఫిను డబ్బా చేతికిచ్చి గడియారం చూపించింది.

"మీ డాబ్స్ ఎట్లా ఆడినాడు?" అని అడిగాను.

అవతల ఒక్క క్షణం ఆగి, మావాడు మొదటి ఎత్తునుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఆవేళ బ్యాంకుకు ఇరవై నిమిషాలు ఆలస్యంగా పోయాను.