ఆనప పందిరి

పెరట్లో ఆనపపాదుకి పందిరి నేనే వేస్తానన్న రోజున మా ఇంట్లో ఎవరూ వద్దనలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నాలుగు గుంజలు, వాటి మీద అడ్డకర్రలు, ఆపైన వెదురు బద్దలు. ఇందులో రానిదేముంది? కూలిమనిషిని పిలిస్తే ఒక పూట పని. ఆ పూట కూలి మిగిలిద్దామని నేను నాలుగు ఆదివారాలు ఖర్చుపెట్టాను.

8 అడుగుల సరుగుడు కర్రలు తెచ్చి, చెద పట్టకుండా మొదళ్ళకి తారు పూశాను. మూలలు మట్టానికి రావాలి కదా! ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ చేసిన పని గుర్తుంది. మూల నుంచి ఒకవైపు 3 అడుగులు, ఇంకోవైపు 4 అడుగులు కొలిచి గుర్తులు పెట్టాలి. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు వస్తే మూల మట్టంగా ఉన్నట్టు. నాకు మొదట 5 అడుగుల 4 అంగుళాలు వచ్చింది. సవరిస్తే 4 అడుగుల 10 అంగుళాలైంది. మూడోసారి గుర్తులు కదపకుండా టేపునే కాస్త వదులుగా పట్టుకున్నాను. లెక్క కుదిరింది.

గునపం పట్టాక అసలు సంగతి తెలిసింది. పక్కింటి మామ్మగారు గోడ మీంచి తొంగిచూసి, "రెండడుగులైనా దిగాలి నాయనా, లేకపోతే కాయల బరువుకి ఒరిగిపోద్ది. మట్టంతా ఒకేసారి పోసెయ్యకు. జానెడు పోసి దిమ్మిస కొట్టు, మళ్ళీ జానెడు పొయ్యి" అన్నారు. మూడు గుంటలు ఆవిడ చెప్పినట్టే తవ్వాను. నాలుగోదాంట్లో అడుగున్నర దగ్గర పాత గోడ ఇటుకలు తగిలాయి. అప్పటికే అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. గుంజ అక్కడికే దించి, పైన మిగిలిన అరడుగూ రంపంతో కోసేశాను. చూసేవాళ్ళకి నాలుగూ ఒకటే.

తీగ మాత్రం నా పనితనంలో ఏ లోపమూ ఎంచలేదు. నులితీగలతో దొరికినదాన్నల్లా చుట్టుకుని పైకెక్కేసింది. సాయంత్రమయ్యేసరికి తెల్లటి పూలు విచ్చుకునేవి, మర్నాటికి వడిలి రాలిపోయేవి. పిందె జాడ లేదు. మామ్మగారిని అడిగితే నవ్వారు. "అవి మగపూలు. ముందు అవే వస్తాయి. పువ్వు కింద బుల్లికాయ కనపడితే అదీ ఆడపువ్వు. తొందరపడకు."

అవీ వచ్చాయి, కాయలూ దిగాయి. ఒక పొద్దున్న పళ్ళు తోముకుంటూ పందిరి కిందికి వెళ్ళాను. నుదుటికి ఠంగున తగిలిందో కాయ. అప్పుడు వేసుకున్నాను లెక్క. పందిరి ఎత్తు 6 అడుగులు. కాయ వేలాడేది అడుగున్నర. నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. ఇన్నాళ్ళూ నేల నుంచి కర్ర దాకా కొలిచానే గాని, కాయ నుంచి నేల దాకా కొలవాలని తోచలేదు.

భాద్రపదం వానలకి నాలుగో గుంజ ఒరిగింది. నేనేమీ చెప్పకుండానే మామ్మగారు, "ఆ మూల తవ్వినప్పుడు ఇటుక తగిలిందా?" అన్నారు. ఆ స్థలంలో నలభై ఏళ్ళ కిందటి గోడ ఏ వరసన పోయేదో ఆవిడకి తెలుసు. తగిలిందని ఒప్పుకుని, ఒక కర్ర ఊతం పెట్టాను.

ఇప్పుడు ఏ పెళ్ళికి వెళ్ళినా ముందు నా చూపు పందిరి గుంజల మొదళ్ళ మీద పడుతుంది. ఎంత లోతు దించారో, ఎలా బిగించారో చూశాకే వధూవరుల దగ్గరికి వెళ్తున్నాను.

వచ్చే ఏటికి పందిరి ఎత్తు పెంచుదామని 10 అడుగుల కర్రలు కొన్నాను. మా ఆవిడ చూసి, "ఎందుకండీ? ఇప్పుడైతే స్టూలెక్కకుండా చేత్తో కోసుకుంటున్నాను. మీరే కాస్త వంగి నడవండి" అంది. కర్రల్ని ప్రహరీకి చేరేశాను. మొన్న చూస్తే, ఎవరూ పిలవకుండానే బీరపాదు వాటి మీద సగం దాకా ఎక్కేసి ఉంది. ఇక వాటినీ కదపడానికి లేదు.