ఎంతమందిలో ఎంతమందికట?

ఏంటొదినా, అలా డీలా పడ్డావ్? ఆవిర్లకని డాక్టరమ్మ రాసిన హార్మోను బిళ్ళల గురించా? రొమ్ము కేన్సరు 26 శాతం ఎక్కువని వాట్సాప్‌లో వచ్చిందా? వందమంది వేసుకుంటే 26 మందికి వస్తుందనుకున్నావు కదూ! కాదమ్మా.

మా కోడలు నర్సింగు ఎమ్మెస్సీ కదా, వాళ్ళ క్లాసులో పరిశోధన పేపర్లు ఇచ్చి తప్పులు పట్టమంటారట. మొన్న సరిగ్గా ఈ బిళ్ళల కథే. అమెరికాలో వెనకటికి ఇవి వాడే ఆడవాళ్ళకి గుండెజబ్బులు తక్కువని తేల్చారట. తీరా చూస్తే, వాడేవాళ్ళలో ఎక్కువమంది కాస్త కలిగినవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. మరి గుండె బాగున్నది బిళ్ళ వల్లా, కలిమి వల్లా? మన వీధి చివర మేడ వాళ్ళు, పిల్లకి ర్యాంకొచ్చింది సరస్వతీ లేహ్యం వల్లే అంటారు చూడు, ముగ్గురు ట్యూషన్ మాస్టార్ల ఊసే ఎత్తరు. అలాగన్నమాట.

అందుకని 16,608 మందిని తీసుకుని, లాటరీ వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి అసలు మాత్ర, రెండోదానికి ఉత్తుత్తి మాత్ర. తమకి ఏది దక్కిందో వాళ్ళకే తెలీదు. గుండెజబ్బు తగ్గడం దేవుడెరుగు, కాస్త పెరిగింది! 2002లో మధ్యలోనే ఆపేశారు. నీ 26 శాతం అక్కడిదే. ఏడాదికి పదివేల మందిలో ఉత్తుత్తి మాత్ర వాళ్ళకి 30 కేన్సర్లయితే, అసలు మాత్ర వాళ్ళకి 38. ఆ ఎనిమిది లెక్కలోకి రాదని నేననను. కానీ నువ్వు రాత్రంతా భయపడింది ఎనిమిదికి కాదుగా.

ఇంకోటి. వాళ్ళ సగటు వయసు 63. నీకింకా యాభై నిండలేదు. పైగా అది రెండు హార్మోన్లు కలిపిన బిళ్ళ. గర్భసంచి తీసేసినవాళ్ళకి ఒక్క ఈస్ట్రోజెనే ఇచ్చి విడిగా చూస్తే రొమ్ము కేన్సరు పెరగలేదు. పక్షవాతం మాత్రం రెండిట్లోనూ పెరిగిందట. మన వైపు చిన్న వయసులోనే ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఎంతమంది లేరు, మీ చెల్లెలితో సహా! వాళ్ళ లెక్క వేరన్న ముక్క ఏ మెసేజిలోనూ రాయరు.

రేపు మందుల చీటీ పట్టుకెళ్ళి, ఇందులో హార్మోను ఒకటా రెండా, నా వయసుకి ఎన్నాళ్ళు వాడాలి అని అడుగు. ఆవిడ విసుక్కుంటే విసుక్కోనీ, ఫీజు ఊరికే ఇస్తున్నామా?