బుట్టలమ్మ మాట, మన ఇంటి మాట



పోయినేడు హోసూరు నుంచి అట్లాంటాలో ఉండే కొడుకు దగ్గరికి మేమిద్దరం పోతిమి. పోయిన వారానికే ఇంట్లో విందు. ఆంధ్ర నుంచి వచ్చిన స్నేహితులు. ఒక పిల్లోణ్ణి "బువ్వ తింటివా అప్పా?" అని అడిగితిమి. తిన్నావా అని మన అర్థం. తినబోతావా అని అడిగినామనుకుని "తర్వాత తింటానండీ" అన్నాడు. చేతిలో ఖాళీ ప్లేటు! అందరూ నవ్విరి. రాత్రి కొడుకు మెల్లగా "వాళ్ల ముందర కొంచెం మంచి తెలుగు మాట్లాడండి" అన్నాడు. ఆ మాట మాకు ముల్లులా గుచ్చుకునింది.

తర్వాతి వారం అద్దెకు ఆర్వీ తీసుకుని సముద్రం ఒడ్డు పాత ఊళ్లు చూపించినాడు. ఆర్వీ అంటే చక్రాల మీద ఇల్లే. పడకలు, పొయ్యి, స్నానాలగది అన్నీ ఉండాయి. సంగటి కూడా అందులోనే కెలికితిమి. రాత్రి క్యాంపులో నిలిపి కరెంటు, నీళ్ల పైపు తగిలించుకోవాల. బయలుదేరే ముందు మురుగు తొట్టి ఖాళీ చేసుకోవాల. పాత వీధుల్లో దాన్ని తిప్పడం కష్టం. బండి ఊరి బయట పెట్టి పోతిమి.

సవానా 1733లో ఓగ్లెథార్ప్ గీత గీసి కట్టించిన ఊరు. చెట్ల నీడలో 22 స్క్వేర్లు ఇప్పటికీ ఉండాయి. చార్ల్స్‌టన్ ఇంకా పాతది, 1670 నాటిది. అక్కడి మేడలు చూసి నోరు తెరిస్తిమి. వాటి వెనక వరి డబ్బు ఉండాది. ఆ వరి పండించింది పశ్చిమ ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చి బానిసలుగా అమ్మిన జనం. వాళ్లను దించిన గాడ్స్‌డెన్ రేవులోనే 2023లో మ్యూజియం తెరిచినారు.

చార్ల్స్‌టన్ దాటి, మౌంట్ ప్లెజంట్‌లో 17వ నంబరు రోడ్డు పక్కన ఒకామె గడ్డి బుట్టలు అల్లుతా ఉంది. ఒకటి వెడల్పుగా, గుండ్రంగా ఉండాది. వడ్లు చెరిగేదానికంట. మన చేట పనే! మాతో ఇంగ్లీషు మాట్లాడి, మనవరాలి వైపు తిరగ్గానే వేరే మాట. అది గల్లా భాష అని కొడుకు చెప్పినాడు.

బండెక్కినాక ఫోనులో చదివి వినిపించినాడు. దాన్ని చెడిపోయిన ఇంగ్లీషని చానా కాలం ఎగతాళి చేసినారంట. బడిలో ఆ మాట పలికితే పిల్లలను దిద్దేవాళ్లంట. లొరెంజో టర్నర్ అనే నల్లజాతి పండితుడు ఏండ్ల తరబడి ముసలివాళ్ల దగ్గర కూర్చుని మాటలు రాసుకుని, వాటిలో ఆఫ్రికా భాషల వేర్లు ఉండాయని 1949లో పుస్తకంగా చూపించినాడు. చదివేది ఆపి కొడుకు చానాసేపు గమ్మునుండె. ఆ రాత్రి సంగటి ముద్ద ముందర పెట్టుకుని, "అవ్వ దీన్ని కెలికే కట్టెను ఏమనేది?" అని అడిగినాడు. మా ఇద్దరికీ చప్పున గుర్తుకు రాలే.

అందుకే ఈ రాత. మన ఇంటి మాట చెడిపోయిన తెలుగు కాదు. దాన్ని పలికే అవ్వాతాతలు మాత్రం తగ్గిపోతా ఉండారు. వచ్చే సమావేశానికి ఇంటికొక నోటుబుక్కు తీసుకురండి. మీ ఇంటి పెద్దలు చెప్పిన పది మాటలు రాసుకుని రండి, చాలు. మేము ఆ కట్టె పేరుతో మొదలుపెడతాం, ఎవరైనా గుర్తు చేస్తే.