రోగం పోయినా పేరు పోదు

తెలుగులో పెద్దరోగం అంటారు. మా ఇంట్లో బడీ బీమారీ అనేవాళ్ళు. రెండు భాషలూ కూడబలుక్కున్నట్టు అసలు పేరు ఎత్తకుండా తప్పుకున్నాయి. పేరెత్తితే అంటుకుంటుందన్న భయానికి మతం లేదు.

కుష్టు మీద పనిచేసే పారామెడికల్ వర్కర్ల కోసం కొన్నేళ్ళ కింద ఒక కరపత్రాన్ని తెలుగు నుంచి ఉర్దూలోకి మార్చి ఇచ్చాను. రెండు పేజీల పని. మొదటి మాట దగ్గరే కలం ఆగింది. జుజామ్ అని రాస్తే అది కితాబీ మాట, బస్తీలో సగం మందికి అందదు. కోఢ్ అంటే అందుతుంది గానీ అది తిట్టు. ముప్పై ఏళ్ళు ఈ పనే చేసి రిటైరైన ఒక పెద్దాయన దారి చూపాడు. "పేరు తర్వాత రాద్దురు గాని భాయ్, ముందు మచ్చ గురించి రాయండి. సున్ పడిపోయిన మచ్చ అంటే మీవాళ్ళందరికీ తెలుస్తది" అన్నాడు. అలాగే రాశాం. జుజామ్ అన్న మాట రెండో పేజీకి పోయింది.

ఆయన చెప్పిందే ఈ రోగం గుట్టు. 1873లో నార్వే డాక్టరు హాన్సెన్ దీని క్రిమిని కనిపెట్టాడు. పాపఫలం, అల్లా కోపం, వంశంలో ఉన్న దోషం అన్న మాటలకు ఆనాడే కాలం చెల్లింది. నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో దీన్ని తట్టుకునే శక్తి ఉంటుంది. తట్టుకోలేనివాళ్ళకు క్రిమి నరాలను దెబ్బతీస్తుంది. స్పర్శ పోతుంది. కాలే గిన్నె చేతికి తెలియదు, మేకు కాలికి తెలియదు. తెలియకుండా తగిలి, పట్టించుకోకుండా ముదిరిన గాయాలే చేతులను, కాళ్ళను పాడుచేస్తాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు మందులు కలిపి ఇవ్వమన్నారు. రోగాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో మింగితే నయమవుతుంది. మందు ఊరికే ఇస్తారు. మింగడం మొదలుపెట్టాక ఇంకొకరికి అంటించడం త్వరలోనే ఆగిపోతుంది.

మందు వచ్చింది. మరి చట్టానికి ఆ కబురు ఎప్పుడందింది?

బిచ్చమెత్తుకునే కుష్టు రోగిని పట్టి వేరుగా పెట్టమన్న 1898 నాటి చట్టాన్ని పార్లమెంటు 2016లో గానీ రద్దు చేయలేదు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం చూడండి. హనఫీ ఫిఖ్‌లో విడిపోయే దారి ఇరుకై అల్లాడే ఆడవాళ్ళకు మాలికీ ఫిఖ్ ఆసరాతో తలుపు తెరిచిన చట్టం అది. అంత మంచి చట్టంలోనూ భర్తకు కుష్టు ఉంటే వదిలేయొచ్చని ఒక ముక్క ఉండేది. 1954 ప్రత్యేక వివాహ చట్టంలో, 1955 హిందూ వివాహ చట్టంలో, క్రైస్తవుల విడాకుల చట్టంలో కూడా మాటల తేడాతో అదే ముక్క. 2019 ఫిబ్రవరిలో పార్లమెంటు వీటన్నిట్లోంచి ఒకేసారి దాన్ని కొట్టేసింది. మందు వచ్చిన 38 ఏళ్ళకు!

ఉమ్మడి పౌరస్మృతి కావాలని గొంతు చించుకునేవాళ్ళకు ఒక మాట. ఈ ఒక్క విషయంలో అది ఎప్పుడో వచ్చేసింది. కుష్టు మనిషిని గడప దాటించడంలో నిఖా, పెళ్ళి, చర్చి ఒక్కటే అయ్యాయి. అదే 2019 జులైలో తలాక్ చట్టం వచ్చింది. ముస్లిం విడాకుల మీద టీవీల్లో రాత్రింబవళ్ళు వాదించుకున్నారు. ఫిబ్రవరిలో మారిన ముస్లిం విడాకుల చట్టం గురించి మాట్లాడినవాళ్ళు నాకు కనబడలేదు. మా పెద్దలూ నోరెత్తలేదు. కుష్టు మనిషి ఎవరి లెక్కలోనూ లేడు.

పేరుతో వెలి వేయడం ఎలా ఉంటుందో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అద్దె ఇల్లు అడిగితే ముందు పేరు అడుగుతారు. చెప్పగానే ఇల్లు ఖాళీ లేదంటారు. క్షయ తగ్గినవాణ్ణి ఎవరూ జీవితాంతం క్షయరోగి అనరు. కుష్టు తగ్గినవాడు మాత్రం చచ్చేదాకా కుష్టోడే. కానీ మనకు జరిగేది కనబడినంత తొందరగా మనం చేసేది కనబడదు. రిష్తా మాట్లాడేటప్పుడు "వాళ్ళ ఖాందాన్‌లో బడీ బీమారీ ఉందట" అని ఎవరో గుసగుసలాడితే చాలు, ఆ ఇంటి పిల్లకు నిఖా ఆగిపోతుంది. అందుకే వీపు మీద మచ్చ ఉన్న ఆడబిడ్డ దాచుకుంటుంది. మగ వర్కరుకు చూపించదు, ఆడ వర్కరు రాదు. నరం చచ్చాక బయటపడుతుంది.

2005 డిసెంబరు నాటికి రోగుల సంఖ్య పదివేలకు ఒకరి కంటే తగ్గిందని ప్రభుత్వం నిర్మూలన ప్రకటించింది. తగ్గుదలకు పెట్టిన పేరు అది. ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశానివే. కుష్టు వైద్యాన్ని మామూలు ఆసుపత్రుల్లో కలిపేశారు. వెలి పోవాలంటే అది మంచిదే. కానీ మోచేతి దగ్గర నరాన్ని తడిమి, వాచిందో లేదో చెప్పగలిగిన చేతులు ఒక్కొక్కటే రిటైరైపోతున్నాయి. నరం దెబ్బతిన్న ఆరు నెలల్లోపు ప్రెడ్నిసోలోన్ మొదలుపెడితే చెయ్యి దక్కే అవకాశం ఎక్కువ. గుర్తుపట్టేవాళ్ళు లేకపోతే ఆ గడువు ఊరికే గడిచిపోతుంది. ఆ పెద్దాయనకు ఇప్పటికీ జిల్లాల నుంచి కుర్ర డాక్టర్లు సందేహాలడుగుతూ ఫోన్లు చేస్తారు. జీతం లేని ఆ కొలువు ఆయన తర్వాత ఎవరు చేస్తారు?

జుమా నాడు సఫ్‌లో భుజం భుజం ఆనించి నిలబడతాం. పక్కవాడి వేళ్ళు వంకరగా ఉన్నాయని మన భుజం పక్కకు జరిగితే, మన పేరు విని జరిగిపోయేవాళ్ళను ఏ నోటితో నిలదీస్తాం?